చెవికి అందని అమ్మనుడి

అమ్మనుడి అన్న మాటను మనం ఎక్కువగా వాడతాం. ఆంధ్రకు వెలుపల బతికే తెలుగువాళ్లకు అది తప్పదు. నెల్లూరులోనో గుంటూరులోనో ఉన్నవాళ్లు తెలుగు గురించి ప్రత్యేకంగా తలచుకోకుండానే రోజులు గడిపేయగలరు. ఆరణిలో, పొన్నేరిలో, తిరుత్తణిలో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. తాతలు ఇచ్చిన భూమిని కాపాడుకున్నట్టు దీన్నీ కాపాడుకోవాలి. సభలు పెడతాం, అర్జీలు రాస్తాం, బడిలో తెలుగు అయ్యవారిని వెయ్యమని అడుగుతాం. ఇదంతా న్యాయమైన పనే. అయితే మనం అంతగా వాడే ఆ మాటకు సరైన అర్థం ఏమిటో తేల్చుకోవాలంటే, దాని ముందు ఒక బిడ్డను నిలబెట్టి చూడాలి. చెవులు వినబడని బిడ్డను.

తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగు వినలేని ఆ బిడ్డకు అమ్మనుడి ఏది?

ఇది తర్కం కోసం వేసుకున్న ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా తేలారు. చెవిటి పిల్లల్లో పదింట తొమ్మిదిమందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ అమ్మానాన్నలు తమ జీవితంలో దగ్గరగా చూసే మొదటి చెవిటి మనిషి చాలాసార్లు తమ బిడ్డే. పెంపకంలో అన్నిటికీ అవ్వనో అత్తనో అడిగి తెలుసుకోవచ్చు. దీనికి మాత్రం ఇంట్లో అడగదగ్గ పెద్దదిక్కు ఉండదు.

మన ప్రాంతం సంగతి చూద్దాం. ఆరణి ఏరు చిత్తూరు వైపు కొండల్లో పుట్టి, పిచ్చాటూరు, ఊత్తుకోట, పెరియపాళయం మీదుగా మన ఆరణిని తాకి, పులికాట్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటి వెంబడి ఊళ్లలో ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బడిలో తమిళమో ఇంగ్లీషో. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రంలో చేరింది. అప్పటినుంచి అక్కడా ఇదే వరస. వినగలిగిన పిలకాయలు అయిదారేళ్లకే ఈ మూడింటినీ సర్దుకుంటారు. అవ్వతో ఒక నుడి, వీధిలో ఒక నుడి, పలక మీద ఇంకొకటి. వినబడని బిడ్డకు ఈ మూడూ గోడ అవతలి చప్పుళ్లే. అసలు అక్కడ చప్పుడు ఉందన్న సంగతి కూడా వాడికి తెలియదు.

బిడ్డకు వినబడడం లేదన్న సంగతి ఇంటివాళ్లకు తెలిసేసరికే ఆలస్యమవుతుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే చెవిని పరీక్ష చేసే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుచెవుడును కూడా వెదికి పట్టుకోవాలి. అయినా చాలా ఇళ్లలో రెండేళ్లు, మూడేళ్లు గడిచిపోతాయి. "వాళ్ల నాయనా ఆలస్యంగానే పలికినాడులే" అంటుంది అవ్వ. "నాలుక కింద నరం కోయించండి" అంటాడు ఒకడు. గుడికి మొక్కు, మెడకు తాయెత్తు. ఈలోపల బిడ్డ తలుపు చప్పుడుకు తిరిగి చూడలేదన్న సంగతి తల్లి ఒక్కతే గమనిస్తూ, ఎవరితోనూ అనలేక లోపలే కుములుతూ ఉంటుంది.

తెలిశాక మొదటి మాట పడేదీ ఆమె మీదనే. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనో, ఫలానాది తిన్నదనో అంటారు. ఉన్న నిజం వేరు. పుట్టుచెవుడులో పెద్ద భాగం వంశం నుంచి వచ్చేది. అందులోనూ ఎక్కువగా కనబడే రకంలో దోషం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు కలిస్తేనే బయటపడుతుంది. మేనమామకో మేనబావకో ఇచ్చి చేసే మన పద్ధతిలో, తమిళుల పద్ధతిలో, ఆ రెండు పాళ్లూ కలిసే అవకాశం పెరుగుతుంది. ఆ పెళ్లి కుదిర్చింది తల్లి కాదు, పెద్దలు. కడుపుతో ఉన్నప్పుడు సోకే రుబెల్లా జ్వరం ఇంకొక కారణం. దానికి టీకా ఉంది. 2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైన మొదటి రాష్ట్రాల్లో తమిళనాడు ఒకటి. ఇవన్నీ తెలిసిన కుటుంబం తల్లిని నిందించదు. నిందలో పోయే పొద్దు బిడ్డకు దక్కుతుంది.

ఇక సాయం ఎక్కడ దొరుకుతుంది? లేదనడానికి లేదు. జిల్లాలో మాట్రుత్తిరనాళిగళ్ సంక్షేమ కార్యాలయం ఉంది. అక్కడినుంచి గుర్తింపు కార్డు, వినికిడి యంత్రం, విద్యార్థి వేతనం దాకా దారి ఉంది. చెవి లోపల అమర్చే కాక్లియర్ పరికరానికి రాష్ట్ర ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం, కేంద్రం అడిప్ పథకం సాయం చేస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం, ఆపైన లోపం ఉన్న బిడ్డకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు. పక్క బడిలోనా, ప్రత్యేక బడిలోనా అన్నది వాళ్ల ఇష్టం. చెన్నపట్నంలో పాత బడులు ఉన్నాయి. లిటిల్ ఫ్లవర్ కాన్వెంటు వారి బడి 1926 నుంచి నడుస్తోంది. బాల విద్యాలయ 1969లో మొదలైంది. అక్కడ పసిబిడ్డతోపాటు తల్లి కూడా కూర్చుని నేర్చుకోవాలి. రామాపురంలోని ఎం.జి.ఆర్. తోటలో ఆయన వీలునామా ప్రకారం వినబడని పిల్లల బడి వెలిసింది.

ఇవన్నీ ఉన్నాయి. కాని ఇవి ఉన్నాయని ఆరణిలో ఒక తల్లికి చెప్పేవాళ్లు ఎవరు? చెప్పినా, ఊరినుంచి బస్సెక్కి, రైలెక్కి పట్నం చేరి, తర్ఫీదు ముగించుకుని తిరిగొచ్చేసరికి పొద్దుగుంకుతుంది. కూలికి పోయే ఇంట్లో అది ఒక రోజు కూలి. వారానికి రెండు మూడు రోజులు, ఏళ్ల తరబడి. పెద్దబిడ్డను ఎవరు చూడాలి? సర్కారు పరికరం ఇస్తుంది, తల్లి పొద్దును ఇవ్వలేదు. ఆ పొద్దును ఇవ్వగలిగింది కుటుంబం, చుట్టుపక్కల మనుషులు. సాయం అంటే పథకాల జాబితా ఒక్కటే అనుకుంటే ఈ సంగతి కనబడదు.

అసలు చిక్కు ఇక్కడినుంచి మొదలవుతుంది. పరికరం పెట్టించారు. ఇక మాట నేర్పాలి. ఏ మాట? "రెండు భాషలు పెట్టుకోకండి, బిడ్డ తికమకపడతాడు. బడి తమిళం గనక ఇంట్లో కూడా తమిళమే మాట్లాడండి" అని చెప్పడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. చెప్పేవాళ్లది దురుద్దేశం కాదు. బిడ్డ మీద భారం తగ్గించాలనే. కాని ఆ ఒక్క మాటతో ఇంట్లో అవ్వ నోరు మూతపడుతుంది. తల్లి తనకు అరకొరగా వచ్చిన తమిళంలో బిడ్డతో మాట్లాడాలి. అరకొర నుడిలో లాలి ఉండదు, గదమాయింపు ఉండదు, ముద్దుమాట ఉండదు. "తిను, రా, పో" మిగులుతాయి. వినికిడి పరికరం ఉన్న పిల్లలు రెండు నుడులు నేర్చుకుంటే చెడిపోతారన్నదానికి గట్టి ఆధారం లేదని ఇటీవలి పరిశోధకులు చెబుతున్నారు. తల్లికి నిండుగా వచ్చిన నుడే బిడ్డకు నిండైన నుడి. కనుక పరికరంతో వినగలుగుతున్న బిడ్డకు తెలుగును ఆపనక్కరలేదు. మనం ఆ మాట ధైర్యంగా అడగవచ్చు.

పైన చెప్పిన 2016 చట్టంలోనే 17వ సెక్షన్‌లో రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. సైగల భాష తెలిసిన టీచర్లను తయారుచేసి పెట్టాలన్నది ఒకటి. రెండో, మూడో భాషల చదువు నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునన్నది ఇంకొకటి. మినహాయింపుకు ఒక కాగితం చాలు. టీచరుకు జీతం కావాలి. ఏది ముందు జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తమిళ బడిలో చదివే తెలుగు బిడ్డకు ఆ మినహాయింపు ఎవరి నుడిని తీసేస్తుందో కూడా ఊహించవచ్చు. ఇంత దూరం దాకా మన సంఘాలు నాతో ఏకీభవిస్తాయి. "చూశారా, ఇక్కడా తెలుగుకే ఎసరు" అంటాయి.

ఇక్కడినుంచి మాత్రం ప్రశ్న మన వైపు తిరుగుతుంది.

పరికరం అందరికీ ఒకేలా పనిచేయదు. బాగా చిన్న వయసులో అమర్చి, ఏళ్ల తరబడి తర్ఫీదు ఇస్తే చాలామంది మాట నేర్చుకుంటున్నారు. కొందరికి చప్పుడు వినబడుతుంది గాని మాటగా విడిపడదు. కొందరికి ఆలస్యంగా తెలియడం వల్ల అదను దాటిపోతుంది. కొందరికి పరికరం పాడైతే బాగుచేయించే స్తోమత ఉండదు. ఇలాంటి బిడ్డలకు కంటితో చూసి చేతితో పలికే నుడి ఒకటి ఉంది. అదే సైగల భాష. అది తెలుగూ కాదు, తమిళమూ కాదు. ఆ రెండింటికీ చేతులతో చేసిన తర్జుమా కూడా కాదు. దానికి తన వ్యాకరణం తనకుంది. అమెరికాలో విలియం స్టోకీ 1960లో ఈ సంగతిని అక్కడి సైగల భాష మీద నిరూపించాడు. మన దేశంలో 1970లలో మదన్ వశిష్ఠ తదితరులు సైగలను సేకరించడం మొదలుపెట్టి, తర్వాత నిఘంటువులు వేశారు. 2015లో ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2021లో అది పదివేల మాటల నిఘంటువును తెచ్చింది. ఆ సైగల్ని ఇప్పుడు ఎవరైనా ఫోనులో చూసి నేర్చుకోవచ్చు.

అయినా తల్లిదండ్రులు దాని పేరెత్తితే ఉలిక్కిపడతారు. సైగలు నేర్పితే నోరు విప్పడేమో, నలుగురిలో వేలెత్తి చూపుతారేమో అని భయం. ఈ భయం వాళ్లకే పుట్టింది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో చెవిటి పిల్లల చదువు గురించి ఒక మహాసభ జరిగింది. కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. బడుల్లో సైగలు మాన్పించి నోటిమాటే నేర్పాలని వాళ్లు తీర్మానించారు. ఆ తీర్మానం ప్రపంచమంతా పాకింది. పిల్లల చేతులు కట్టించిన బడులు కూడా ఉన్నాయి. వాంకూవర్‌లో 2010లో అదే పరంపరలోని మహాసభ దానికి విచారం తెలిపింది. తీర్మానానికీ విచారానికీ మధ్య నూట ముప్పై ఏళ్లు.

"అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు" అని మనకొక సామెత ఉంది. నోటిమాట బిడ్డకు అందదు, అందే సైగను మనం రానివ్వం. ఆ మధ్యలో గడిచిపోయే మూడు నాలుగేళ్లే మనిషికి నుడి అబ్బే వయసు. అప్పుడు ఏ నుడీ అందని బిడ్డకు తర్వాత తెలుగూ నిండుగా రాదు, తమిళమూ రాదు, సైగా రాదు. వాడికి పోయేది చెవి ఒక్కటే కాదు. నిన్న ఏం జరిగిందో చెప్పడం, రేపు ఏం కావాలో అడగడం, కడుపులో ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడం, అన్నీ పోతాయి.

అవతలి పక్షం వాదాన్ని తీసిపారేయకూడదు. లోకం నోటితో మాట్లాడుతుంది, కనుక బిడ్డ ఆ లోకంలో బతకాలి అంటారు. నిజమే. "అమ్మా" అన్న పిలుపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే తల్లి కోరికలో తప్పేముంది? ఆ కోరికతోనే రోజూ రైలెక్కి పట్నం పోయి బిడ్డకు మాట తెచ్చుకున్న తల్లులు ఉన్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. నేనడిగేది ఒక్కటే. ఆ మాట వచ్చేదాకా బిడ్డను పస్తు ఉంచడమెందుకు? చేతికందే నుడిని ముందు ఇవ్వండి, నోటిమాటను వెనకనుంచి తెచ్చుకోండి. రెండూ ఉన్న బిడ్డ నష్టపోడు. ఒకదానిమీదే పందెం కట్టి ఓడిపోతే నష్టపోయేది పందెం కట్టినవాళ్లు కాదు, బిడ్డ.

మనం ఇన్నాళ్లూ అడుగుతున్నదేమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం, అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు వాళ్ల అమ్మనుడిలో అందేలా చూడాలంటుంది. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం మీద మన సంఘాలు కోర్టుకెక్కింది ఈ ఆశయంతోనే. "అర్థంకాని నుడిలో పిల్లవాణ్ణి కూర్చోబెడితే వాడి బుద్ధి మొద్దుబారుతుంది. లోకమంతా మాట్లాడే నుడే నేర్చుకోమని చెప్పడం సులభం, నేర్చుకునే పసివాడికి కదా తెలుస్తుంది" అని మనం వాదిస్తాం. ఈ మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా మన ఇంట్లోని వినబడని బిడ్డ మనతో అనవచ్చు. రాష్ట్రంలో మనం కొద్దిమందిమి. మన ఇంట్లో వాడు ఒక్కడు. పైవాళ్ల దగ్గర అడిగే హక్కును కిందివాడికి ఇవ్వకపోతే, మనం అడుగుతున్నది న్యాయం కాదు, మన వాటా మాత్రమే.

దీనికి ఒక గట్టి అడ్డుమాట ఉంది. "అమ్మనుడి అంటే తరతరాలుగా వచ్చిన నుడి. సైగల భాష మా తాతలది కాదు. ఇప్పటికే పిల్లలు ఒక్కొక్కరే తమిళంలోకీ ఇంగ్లీషులోకీ జారిపోతున్నారు. ఈ బిడ్డనూ వదులుకోమంటారా?" అని. ఈ బాధ అబద్ధం కాదు. అందుకే నష్టం లేదని నేను చెప్పను. ఆ బిడ్డ అవ్వ గొంతులోని తెలుగును ఎన్నటికీ వినకపోవచ్చు. మన లెక్కలో ఒకటి తగ్గుతుంది. కాని నుడి మనుషుల్ని లెక్కపెట్టుకోవడానికి పుట్టలేదు, ఒకరికొకరు అందడానికి పుట్టింది. తల్లి నోటినుంచి వచ్చినంత మాత్రాన ఏదీ అమ్మనుడి కాదు. బిడ్డకు చేరితేనే అవుతుంది. మామూలుగా అది తల్లినుంచి బిడ్డకు పారుతుంది. ఈ ఇంట్లో మాత్రం బిడ్డ కోసం తల్లే కొత్త నుడి నేర్చుకోవాలి. నేర్చుకున్న తల్లి ఆ సైగలతోనే ఉగాది పచ్చడి గురించి, మేనత్తల గొడవల గురించి, ఏటి వరద గురించి చెబుతుంది. ఆ తర్వాత అక్షరాలు చూపి "దీన్ని మన ఇంట్లో ఇలా రాస్తాం" అని తెలుగును కూడా కంటిదారిన ఇవ్వవచ్చు. నుడి ఉన్న బిడ్డకు ఇంకొక నుడి రాతలో అందుతుంది. ఏ నుడీ లేని బిడ్డకు ఏదీ అందదు.

తల్లి ఒక్కతే నేర్చుకుంటే చాలదు. అమెరికాలో మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవి ఉంది. అక్కడ వంశపారంపర్యంగా చెవిటివాళ్లు ఎక్కువగా పుట్టేవాళ్లు. రెండు వందల ఏళ్లకు పైగా అక్కడి రైతులు, జాలర్లు, వినగలిగినవాళ్లు కూడా, సైగలతో మాట్లాడేవాళ్లు. అక్కడ చెవుడు ఒక విశేషంగా ఎవరికీ అనిపించేది కాదు. అంత పెద్ద మార్పు మన ఊళ్లో రాకపోవచ్చు. అవ్వ పది సైగలు నేర్చుకోవచ్చు. అంగడి నాయుడు నాలుగు నేర్చుకోవచ్చు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అన్న సామెత మనకూ ఉంది, తమిళులకూ ఉంది. రెండు నుడుల్లోనూ అది చెవిటివాణ్ణే ఎగతాళి చేస్తుంది. శంఖం దించి చెయ్యి ఎత్తమని ఊదేవాడికి ఏ సామెతా చెప్పలేదు.

మన సంఘాలు చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. ఏ కార్యాలయానికి పోవాలి, ఏ కాగితం కావాలి, ఏ వయసు లోపల పరీక్ష చేయించాలి అన్న సంగతులు నాలుగు పేజీల్లో తెలుగులో వేయవచ్చు. అవి ఇప్పుడు తమిళంలోనో ఇంగ్లీషులోనో దొరుకుతాయి. తమిళం మాట్లాడగలిగినా చదవలేని తల్లులు మనలో ఎందరో ఉన్నారు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఇలాంటి కుటుంబాలు ఉంటే నెలకొకసారి ఒకచోట కలపవచ్చు. వాటికంటే ముఖ్యం, పెద్దవాళ్లయిన చెవిటి మనుషుల్ని పిలవాలి. కుట్టుమిషను మీదో, అచ్చుయంత్రం మీదో పనిచేసుకుంటూ, పెళ్లిచేసుకుని, పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లు ప్రతి పట్నంలో ఉన్నారు. బిడ్డ భవిష్యత్తు ఏమిటని ఏడ్చే తల్లికి డాక్టరు ఇవ్వలేని జవాబు వాళ్లను చూస్తే దొరుకుతుంది. సైగలు నేర్పడానికి వాళ్లకంటే మంచి అయ్యవార్లు లేరు. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే చెవిటి న్యాయవాది దుబాసీ సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నది. ఆ వార్త ఎన్ని తెలుగు ఇళ్లలో తల్లిదండ్రులకు చేరిందో!

ప్రతి ఉగాదికీ మన ఊళ్లలో పిల్లలకు పద్యాల పోటీ పెడతాం. వచ్చే ఏడు పేర్లు రాసుకునేటప్పుడు, పద్యం వినబడని బిడ్డ ఎవరింట్లోనైనా ఉన్నారా అని సభలో ఒక్కరు అడగాలి. ఉంటే, బహుమతులు పంచడం అయిపోయాక, ఇద్దరు ముగ్గురు కలిసి ఆ ఇంటికి వెళ్లి రావాలి.